మార్చి దాకా మరమ్మతు

"మీ పిస్టల్‌లో ఏ లోపమూ లేదు సర్," అంది మార్సీ, ఓపిక తగ్గుతున్న గొంతుతో.

"ఉందమ్మా," అన్నాడు ఫోనులో హాల్వర్ లిండ్. "ఒకసారి పేలుతుంది, ఒకసారి పేలదు. తూటా మధ్యలో ఇరుక్కుంటోంది. అలాంటి దాన్ని నమ్ముకుని ఎట్లా ఉండమంటావు?"

"మా మెకానిక్ వెండెల్ స్వయంగా పేల్చి చూశాడు. డబ్బాలకి డబ్బాలు తూటాలు ఖర్చు చేశాడు. ఒక్కటంటే ఒక్కటి ఇరుక్కోలేదు."

"అక్కడ మీకు వెచ్చగా ఉంటుంది కదా! మా డకోటా చలిలో పేల్చి చూడమను. పొద్దున లేస్తే నా దవడే కదలడం లేదు, ఇక పిస్టల్ ఏం కదులుతుంది?"

మార్సీకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ తుపాకుల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు మాట్లాడటం ఆమె ఉద్యోగం. గాజు తలుపు అవతల నుంచి సూపర్‌వైజర్ డ్వేన్ ఆమెనే చూస్తున్నాడు. "ఆ ముసలాయన ఫిర్యాదు ఇవాళ మూసెయ్యి. లేకపోతే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మనది సర్వీస్ సెంటరా, ఆయనింటి అటకా?" అని పొద్దున్నే అందరి ముందూ అన్నాడు.

హాల్వర్ మామూలు ఖాతాదారు కాదు. తక్కిన వాళ్లంతా ఇంకా ఎన్నాళ్లు చేస్తారని కేకలు వేస్తారు. ఈయన మాత్రం నిదానంగా చేయండి అంటాడు. నిరుడు కూడా క్రిస్మస్ కాగానే ఇదే పిస్టల్ పంపాడు. ఎందుకైనా మంచిదని కొత్తది వేద్దామన్న విడిభాగం దొరక్క మార్చి దాకా ఆలస్యమైంది. తిడతాడేమోనని మార్సీ భయపడితే, తిట్టకపోగా ఒక కార్డు పంపాడు. 'మా ఆవిడ ఆర్లిస్ బతికి ఉంటే మీకు ఆపిల్ పై వండి పంపేది' అని వంకర అక్షరాలతో రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ ఆమె బల్ల మీద ఉంది.

"ఈసారి కూడా మార్చి దాకా మీ దగ్గరే పెట్టుకోండమ్మా," అన్నాడు హాల్వర్. "మా ఆవులకి దూడలు పుట్టడం మొదలై చేతినిండా పని పడ్డాక పంపుదురు గాని. నాకేం తొందర లేదు."

"అసలు మీకు మంచి కబురు చెబుదామనే ఫోన్ చేశాను సర్. ఊరికి దూరంగా ఒక్కరే ఉంటారు, పిస్టల్ లేకుండా ఇబ్బంది పడుతున్నారేమోనని నేనే వెండెల్ వెంటపడి అందరికంటే ముందు మీది చూపించాను. నిన్ననే కొరియర్ వాళ్లకి ఇచ్చేశాం. ఇవాళే వస్తుంది. మీరు సంతకం పెట్టి తీసుకోవడమే."



"ఇవాళా?"

"ఇవాళే సర్."

"మంచు పడుతోంది కదా. దార్లు మూసేసి ఉంటారు."

"లేదు సర్. బండి మీ ఊరు దాటి వస్తున్నట్టు ఇక్కడ కనిపిస్తోంది."

"మళ్లీ పాడైతే?"

"అది పాడైతే కదా మళ్లీ పాడవడానికి!" మార్సీ గొంతు లేచింది. వెంటనే తగ్గించుకుంది. "క్షమించండి. మీరు కావాలనే అబద్ధం చెబుతున్నారని ఇక్కడ అందరూ అంటున్నారు. నేనొక్కదాన్నే కాదంటున్నాను."

"వాళ్లన్నదే నిజమమ్మా. అది బాగానే పేలుతుంది. ఎప్పుడూ బాగానే పేలింది."

ఫోనులో కుక్క మొరిగింది. ఏదో బండి వచ్చి ఆగిన చప్పుడు. ఆ తర్వాత చెక్క తలుపు మీద దబదబా కొట్టడం.

"అదిగో, వచ్చినట్టున్నాడు," అంది. "వెళ్లి తీసుకోండి సర్. నేనిక ఈ ఫిర్యాదు మూసేస్తాను."

కుర్చీ జరిగిన చప్పుడు రాలేదు. ఇవతల డ్వేన్ గాజు మీద వేలితో టకటకమని కొట్టి, చేతి గడియారం చూపించాడు.

"సర్, తలుపు కొడుతున్నారు. వినబడుతోందా?"

"వినబడుతోంది."

"మరి తీయరేం?"

"సంతకం పెట్టేవాళ్లు లేకపోతే తిరిగి పట్టుకుపోతాడు కదూ?"

"పట్టుకుపోతాడు. కానీ... అది ఇంట్లో ఉండటం అంత ఇష్టం లేకపోతే ఎవరికైనా ఇచ్చి ఉంచచ్చు కదా సర్? ఇరుగుపొరుగు ఎవరూ లేరా?"

"లైల్ ఉన్నాడు. వారం వారం వాళ్లావిడ చేసింది ఏదో ఒకటి గిన్నెలో పట్టుకొస్తాడు. మంచివాడు. అందుకే, ఎందుకు దాచమంటున్నావని అడుగుతాడు." హాల్వర్ గొంతు సవరించుకున్నాడు. "మీరైతే పిస్టల్‌కి ఏమైందని మాత్రమే అడుగుతారు."

తలుపు మీద మళ్లీ దబదబా. "మిస్టర్ లిండ్! లోపలున్నారా?" అన్న కేక మార్సీకి కూడా వినిపించింది. ఫిర్యాదు మూసే మీట మీద నుంచి ఆమె వేలు తీసేసింది. డ్వేన్ లేచి ఇటే వస్తున్నాడు. ఆమె కుర్చీ గోడ వైపు తిప్పుకుంది. ఎదురుగా ఆ కార్డు.

"చెప్పండి సర్," అంది మెల్లగా. "నేనేం చేయను?"

"ఆ బండి గేటు దాటేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు తల్లీ, నన్ను లేవనీయకు... ఇప్పుడది నా చేతికొచ్చిందంటే, నేను మార్చి నెల చూడను."