ముప్పై బస్తాలు

ఆ ముసలాయన చెయ్యి తన నోట్‌బుక్ మీద పడగానే సింధుకు ఒళ్లు జలదరించింది.

చేతినిండా తడి ఇసుక, గోళ్లలో నల్లటి మురికి, నోట్లో ఆకు వక్క. పైగా చెమట కంపు. ఒంగోలు నుంచి హోసూరు బండ్ల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి ఏడాదైనా, బస్తాలు మోసే కూలీల వాసన ఆమెకు అలవాటు కాలేదు.

"చెయ్యి తియ్యి," అంది.

పికప్ బండికి ట్రయల్ జరుగుతోంది. ముప్పై ఇసుక బస్తాలు వేసి తోలితే పదహారు సెకన్లలో అరవై స్పీడు అందుకోవాలి. మూడుసార్లు తోలినా పద్దెనిమిది పడుతోంది. ఇంజన్‌లో లోపమని రాస్తే, దాన్ని బిగించిన ఫిట్టర్ ఉద్యోగం ఊడుతుంది. ఆ ఫిట్టరెవరో సింధుకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ముసలాయన కదల్లేదు.

"నాలుగు దినాలుగా వానకు నానినాయమ్మా ఈ బస్తాలు. ఎన్ని ఉండాయో లెక్కబెట్టినారు గానీ, తూకం ఎయ్యలేదు."

"ఒక్కోటి యాభై కిలోలు. పైన రాసే ఉంది, కనపడదా?"

"అది పొడి ఇసుక పోసిన దినం రాసిందమ్మా. ఇంజన్ తోసే బలం అంతే ఉంటాది. బరువు పెరిగితే స్పీడు అందుకునేది మెల్లగానే గదా."

న్యూటన్ సూత్రం తనకు ఒక కూలివాడు నేర్పడమా! కాలేజీలో మెడల్ మెడలో పడ్డ నాటి నుంచి సింధు ఎవరి మాటకూ తల వంచింది లేదు. ఆయన్ని దూరంగా పొమ్మని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని రిపోర్టు రాసేసింది. బరువు దగ్గర పదిహేను వందల కిలోలని వేసింది. లోపం దగ్గర ఇంజన్ అని వేసింది.

ఒక్క బస్తా అయినా తూయించమని ఆయన వెళ్తూ వెళ్తూ బతిమాలాడు. ఆమె తలెత్తలేదు.

నాలుగో రోజు ఇంకో బండి వచ్చింది. ముసురు ఇంకా వదల్లేదు. ఇంజన్ వేరు, బస్తాలు అవే. మళ్లీ పద్దెనిమిది సెకన్లే.

సింధు బస్తాల దగ్గరికి నడిచింది. ఒక బస్తాను కాటా మీద పెట్టించింది. అరవై రెండు కిలోలు. ఇంకోటి పెట్టించింది. అరవై మూడు.

తన మీద తనకే రోత పుట్టింది. నాలుగు రోజుల కిందట ముక్కు మూసుకుంది గానీ, అసలు కంపు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. రిపోర్టు తప్పని పెద్దసారుకు చెప్పాలి. అంతకన్నా ముందు ఆ ముసలాయన కాళ్లు పట్టుకోవాలి. కూలీల మేస్త్రీ శివప్ప దగ్గరికి పరుగున పోయి, ఆకు వక్క నమిలే పెద్దాయన ఎక్కడని అడిగింది.

శివప్ప ఆమె ముఖం చూడలేదు.

"ఆయప్ప మా కూలోడు కాదమ్మా. ఆ దినం ఊరికే వచ్చి, మాతో కూడా రెండు బస్తాలు మోసినాడు. ఇంక ఈ గేటు తొక్కేది లేదని నిన్ననే ఉద్దనపల్లికి పోయినాడు," అన్నాడు. "మీ రిపోర్టుతో పని పోయిన ఫిట్టర్ కొండప్ప ఆయనే."