సందు చివరి ఇల్లు

బ్రోకరు తాళం తీసి, గోడ మీద స్విచ్చి కోసం తడుముకుంటూనే ఉన్నాడు. ఈలోగా పాప పడగ్గదిలోకి వెళ్లి, గోడ అలమర తెరిచి, కింది అరలోకి దూరింది. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని తలుపు లోపలి నుంచి లాక్కుంది. తలుపు పూర్తిగా మూసుకోలేదు.

"ఇందులో పట్టడం లేదమ్మా," అంది బయటికొచ్చి.

బ్రోకరు నవ్వాడు. "దాగుడుమూతలంటే అంత ఇష్టమా తల్లీ?"

పాప తల్లి వైపు చూసింది. ఆమె వంటగదిలోకి నడిచింది. "ఈ వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందండీ?"

"పక్క వీధిలోకి మేడమ్. చుట్టూ నాలుగు వాటాలు. ఎప్పుడూ మనుషుల సందడే. మీకు తోడు."

ఆమెకు ఇల్లు నచ్చింది. వెంట వచ్చిన తమ్ముడికే నచ్చలేదు. ఆమెను గుమ్మం పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"తోడు సంగతి సరే అక్కా, రేపటి నుంచి ఆరాలు మొదలవుతాయి. ఏ ఊరు, మీ ఆయనేం చేస్తాడు, ఎందుకు రాలేదు... ఎంతమందికని చెప్తావు?"

నిజమే అనిపించింది ఆమెకు.

రెండో ఇల్లు స్కూలుకు దగ్గర. పైవాటాలో కానిస్టేబులు కాపురముంటాడని బ్రోకరు గొప్పగా చెప్పాడు. ఆ మాట వినగానే ఆమెకు ఊపిరి తేలిగ్గా అందింది. కానిస్టేబులు భార్య మెట్ల మీద నుంచే పలకరించింది. "వచ్చెయ్యండి. మా వాడూ ఆ స్కూలే. ఇద్దరూ కలిసి వెళ్తారు."

ఈసారి తమ్ముడు వీధిలోకి వచ్చేదాకా ఆగాడు.

"మీ ఆయన మన ఊరి స్టేషన్లో నీ ఫొటో ఇచ్చాడని చెప్పాను కదా. ఇంత దూరం పారిపోయి వచ్చి, పోలీసు ఇంటి కిందే చేరతావా? ఒకళ్ల నోట ఒకళ్ల నోట పడి చివరికి ఆ మనిషి చెవికే చేరుతుంది."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ మణికట్టు మీదికి వెళ్లింది. విరిగిన ఎముక అతుక్కుంది గానీ వంకర పోలేదు. బాత్రూములో జారిపడ్డానని డాక్టరుకు చెప్పింది. ఆ రోజు జరిగింది జరిగినట్టుగా మంచం కింద నుంచి పాప చూసింది. అప్పటి నుంచీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు తను పట్టే చోటు వెతుక్కుంటుంది.

తెలిసినావిడ ఒకామె ద్వారా ఈ నగరంలో ఆమెకు కళ్లద్దాల షాపులో అద్దాలు సానపట్టే పని కుదిరింది. కట్టుబట్టలతో బస్సు దిగాక గానీ అయినవాళ్లెవరికీ కబురు చెయ్యలేదు. చేసింది కూడా తమ్ముడొక్కడికే. అమ్మా నాన్నా పోయాక ఆమెకు పుట్టిల్లంటే అతనే. ఫోను చేసిన మర్నాటికల్లా వచ్చి వాలాడు.

మూడో ఇల్లు సందు చివర ఉంది. ఎదురుగా గోడౌను గోడ. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. బ్రోకరు చెవి దగ్గర అరిస్తే గానీ ఆవిడకు వినపడలేదు. పైన రెండు గదులు, చిన్న వంటగది. మొత్తానికి ఒకటే తలుపు, దాని ముందు ఇనుప గ్రిల్లు.

"వెనక తలుపు లేదురా," అంది ఆమె.

"ఉంటే దానికీ కాపలా కాయాలి. ఇదొక్కటి గట్టిగా వేసుకుంటే చాలు." తమ్ముడు గ్రిల్లు పట్టుకుని ఊపి చూశాడు. "ఇక్కడ నువ్వున్నావని చీమక్కూడా తెలీదు."

బ్రోకరు తల గోక్కున్నాడు. "అందరూ వద్దన్న ఇల్లండీ ఇది. మంచివి రెండూ వదిలేసి..."

"మాకు ఇదే బాగుంది," అన్నాడు తమ్ముడు.

పాప రెండు గదులూ తిరిగి వచ్చింది. "ఇక్కడ ఎక్కడా చోటు లేదమ్మా."

ఆమె వంగి పాప నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. "ఇక్కడ ఆ అవసరం లేదు తల్లీ."

సాయంత్రానికి తమ్ముడు చాపలు, స్టవ్వు, బకెట్టు తెచ్చాడు. స్టూలు ఎక్కి బల్బు బిగిస్తూ అడిగాడు. "షాపు నుంచి ఎప్పుడొస్తావు? అప్పటిదాకా పాప ఒక్కతే ఉంటుందా?"

"మొదట్లో కొన్నాళ్లు అంతే మరి."

"రెండో తాళంచెవి నాకివ్వు. నీకు ఒంట్లో బాగోకపోతే తలుపెవరు తీస్తారు?"

ఆమె తాళంచెవి తీసి అతని జేబులో తనే వేసింది. "నువ్వే లేకపోతే ఏమైపోయేదాన్నిరా."

"ఊరుకో అక్కా." అతను బల్బు వైపే చూస్తూ అన్నాడు. "నువ్వూ పిల్లా దిక్కులేనివాళ్లలా వీధిన పడకూడదనే నా బాధంతా."

పాలు తెస్తానని కిందికి వెళ్లాడు. పాప చాప మీద, గది నడిమధ్యన, కాళ్లూ చేతులూ బార్లా చాపి నిద్రపోయింది. ముడుచుకోకుండా ఆ పిల్ల పడుకోగా చూసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. కాసేపు అలా చూస్తూ నిలబడి, గ్రిల్లు దగ్గరికి వేద్దామని వెళ్లింది.

మెట్ల మలుపులో తమ్ముడి గొంతు వినిపించింది. ఇంటావిడతో మాట్లాడుతున్నాడు కాబోలు అనుకుంది. ఆవిడతో అయితే అంత మెల్లగా ఎందుకు మాట్లాడతాడని చెవి ఒగ్గింది.

"ఇల్లు కుదిరింది, ఇక వచ్చెయ్ బావా."