వరస కలిపితే

క్రెడిట్ కార్డు బాకీ పేరుకుపోయిందని కంపెనీవాళ్లు ఇందుమతి వంటగది గోడకు వినే పెట్టె బిగించి ఏడాదయింది. ఆమెను వరస కలిపి పిలిచినా, ఆమెచేత అలా పిలిపించుకున్నా, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లయితే ఆ బాకీకి పూచీపడినట్టే. అప్పటినుంచి అపార్ట్‌మెంట్‌లో అక్కా, వదినా అనే పిలుపులు ఆగిపోయాయి. ఆకుకూరల గంగమ్మ కూడా "మేడమ్" అంటూ గుమ్మం అవతలే నిలబడుతోంది.

ఈరోజు కూతురు హారికకు పద్దెనిమిది నిండాయి. నెల రోజులుగా దానిచేత "ఏమండీ" అనిపించి అనిపించి నోరు తిరిగేలా చేసింది ఇందుమతి. అయినా పొద్దుటినుంచి పిల్ల పెదవి కదిపితే చాలు, పెట్టె వంక చూస్తోంది.

"ఏమండీ, గారెలు నేను వేయనా?" అంది హారిక, ఒక్కో మాటా తూచి.

"వేయండి." కన్నకూతుర్ని మీరు అనేసరికి ఇందుమతికి నాలుక మడతపడింది.

హారిక పిండి అరచేతిలో తట్టి మూకుడు మీదికి వంగింది. చున్నీ కొస స్టవ్ మంటలోకి జారింది.

"చున్నీ, తల్లీ! మంట!"

ఇందుమతి ఒక్క అంగలో వెళ్లి ఆ కొసను పిడికిట్లో నలిపేసింది. మంట ఆరింది. గోడ మీద పచ్చదీపం వెలిగింది.

"హామీదారు నమోదయ్యారు. ధన్యవాదాలు," అంది పెట్టె.

ఇందుమతి కాలిన చేత్తోనే నోరు మూసుకుంది. పిల్లకు నేర్పింది గానీ, తన నోటికి నేర్పుకోలేదు.

హారిక ఆ చేతిని మెల్లగా దించి కుళాయి కింద పెట్టింది.

"ఇంక అమ్మా అని పిలవొచ్చుగా?" అంది.