మూడో పాట

“ఈ తూరి మూతులు కాపాడుకోండప్పా,” అంటూ నందీష్ బ్లూటూత్ స్పీకరును బండరాయి మీద పెట్టాడు. కిందటేడు ఇదే రాయి దగ్గర గార్డు లాఠీ దెబ్బకు అతని ముందుపన్ను ఊడిపోయింది.

కంచె అవతల, ఒకప్పుడు వేరుశనగ చేలున్న చోటంతా సోలార్ పలకలే. ఇరవై ఏళ్ల కిందట మోనిక అనే గాయని ‘మబ్బుల బండి’ ఆల్బమ్‌లో సగం పాటలు ఈ వల్లూరు చేలల్లోనే రికార్డు చేయించిందని క్యాసెట్ అట్ట మీద అచ్చేసి ఉంది. ఆ ఒక్క ఆల్బమ్‌తో ఆవిడ పాడటం మానేసింది. అభిమానులు మాత్రం మానలేదు. ఆల్బమ్ వచ్చిన తేదీన ఏటా పావగడ నుంచి బైకులేసుకుని వస్తారు. అయిదేళ్లుగా వాళ్ల ముచ్చట మూడో పాట దాటలేదు. సోలార్ పలకలకు కాపలా ఉండే గార్డు తిమ్మన్న దాటనివ్వలేదు.

“మనం కంచె ఇవతలే కదా కూచునేది? ఆయప్పకు ఎందుకంత మంట?” అంది ప్రతిభ.

“పెండ్లాము పోయినాక గొర్రెలన్నీ అమ్మేసి లాఠీ పట్టినాడంట. మనల్ని గూడా గొర్రెలనుకుంటాడు,” అన్నాడు సునీల్‌కుమార్. అందరూ నవ్వారు.

నందీష్ నవ్వలేదు. ఈసారి ఆఖరి పాట దాకా వినందే కదలనని ఇంట్లో ఒట్టేసి మరీ వచ్చాడు. ఇంటి మీది సోలార్ పలకలు కడిగే బ్రష్షు ఊడదీసి, దానికి పిడిగా ఉన్న ఇనుప గొట్టాన్ని బైకుకు కట్టి తెచ్చుకున్నాడు.

మొదటి పాట అయింది. రెండోదీ అయింది.

“ఈ పాట వల్లనే నేను పదో క్లాసు ఫెయిలయినా,” అన్నాడొకడు.

“టేపు తెగిపోతే మా అక్క రెండు దినాలు అన్నం తినలేదు తెల్సా?”

తిమ్మన్న షెడ్డు గుమ్మంలో కూర్చుని, కదలకుండా ఇటే చూస్తున్నాడు. నందీష్‌కు ఒళ్లు మండింది. ఏటా ఇదే వరస. రెండు పాటలు పోనిచ్చి, ఊరించి ఊరించి కొడతాడు.

మూడో పాట మొదలైంది. అందులో డప్పు ఆగిన చోట, దూరం నుంచి ఒక ఆడగొంతు “హో… బొల్లీ, రాయే!” అని గొర్రెను పిలుస్తుంది. ఆల్బమ్ మొత్తంలో అభిమానులు ప్రాణం పెట్టేది ఆ కేక మీదే. బెంగళూరు కోరస్ అమ్మాయిదని కొందరు, మోనికే గొంతు మార్చిందని కొందరు ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. కేక వచ్చినప్పుడు మాత్రం అందరూ కలిసి గొంతు చించుకోవాల్సిందే. అది వాళ్ల ఆనవాయితీ.

“హో… బొల్లీ…” ఎనిమిది గొంతులు ఒక్కసారిగా లేచాయి.

తిమ్మన్న పరుగెత్తుకొచ్చాడు. లాఠీ సునీల్‌కుమార్ నోటి మీద పడింది. పెదవి చీలి, రక్తం చొక్కా మీదికి కారింది. రెండో దెబ్బకు ఇంకొకడి దవడ పగిలింది.

“నోర్ముయ్యండ్రా! నోర్ముయ్యండి!”

నందీష్ గొట్టంతో అతని మోకాలి మీద బాదాడు. ముసలాయన కూలిపోయాడు. అయిదేళ్ల కసి అంతా అతని మీద పడింది. చెప్పుకాళ్లతో పక్కటెముకల్లో తన్నారు, జుట్టు పట్టి మొహాన్ని కంకరకేసి రుద్దారు. ఆ తోపులాటలో స్పీకరు రాయి మీంచి జారింది. తిమ్మన్న తల కాచుకోవడం మానేసి దాని వైపు పాకాడు.

“పగలగొడ్తాడు! పట్టుకోండి!” ప్రతిభ అరిచింది.

నందీష్ గొట్టంతో బలంకొద్దీ తిమ్మన్న చేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు పాట మోతలో కూడా వినిపించింది. తిమ్మన్న రెండో చేత్తో స్పీకరును పొట్టకు అదుముకుని ముడుచుకుపోయాడు. దానికి దెబ్బ తగలనివ్వలేదు.

అప్పుడు అందరికీ భయమేసింది. తన్నే కాళ్లు ఆగాయి.

“చెయ్యి పోతే పోనీ,” అన్నాడు తిమ్మన్న రక్తం ఉమ్మి. “ఆ పాట మళ్లా పెట్టప్పా. ఈ తూరి ఎవురూ అరవొద్దండి.”

నందీష్ గొట్టం పక్కన పడేసి అతని మీదికి వంగాడు.

“ఏంది తిమ్మన్నా? ఎందుకు అరవకూడదు?”

“బొల్లిని పిలిచేది నా పెండ్లాము.”