మూడో పిలుపు

వాడపల్లి బాటలో, మూసీ ఒడ్డు రాళ్లమీద సైదులు ఖాళీ బండి ఎగిరెగిరి పడుతోంది. పొద్దుగూకక ముందే పట్టుకున్న వాన ఇంకా విడవలేదు. చీకట్లో ఎద్దుల కొమ్ములు కూడా కనబడటం లేదు.

"సైదులూ."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి పిలిచింది. సైదులు పలకలేదు. రాత్రిపూట మూడుసార్లు పిలిస్తేనే మనిషని, అంతకుముందే పలికితే దయ్యం వెంటపడుతుందని వాళ్ల నాయన చెప్పేవాడు.

పోయిన వానకాలం, రజాకార్ల భయానికి ఊరంతా కృష్ణ అవతలికి పోతున్న రాత్రి కూడా ఇక్కడే పిలుపు వినబడింది. బండికి బరువవుతానని దిగి నడుస్తున్న పక్కింటి నర్సమ్మ వెనకబడిపోయింది.

"అది నర్సమ్మత్త గొంతే. జర బండాపు," అంది బండిలో ఉన్న పెళ్లాం.

"మూడోసారి పిలవనియ్," అన్నాడు సైదులు.

నర్సమ్మ రెండుసార్లే పిలిచింది. తెల్లారి రాళ్ల సందున పీనుగై దొరికింది. ఆమె పెనిమిటి పాపయ్య వచ్చి అడిగితే, "అత్త పిలువనే లేదు మామా," అన్నాడు సైదులు. పాపయ్య నమ్మాడు. ఇప్పటికీ పండుగపూట ఇంటికి పిలిచి, దగ్గర కూర్చుని అన్నం పెడతాడు. ఆ ముద్ద సైదులుకు గొంతు దిగదు.

"సైదులూ."

ఈ రాత్రి రెండో పిలుపు దగ్గరగా వినబడింది. సైదులు బండి ఆపాడు. పలుకుదామని నోరు తెరిచాడు గాని, సిగ్గుతో తల దించుకున్నాడు. అంతలో ఎవరో ఎక్కినట్టు బండి వెనక్కి ఒరిగింది. ఎద్దుల మెడమీది కాడి పైకి లేచింది.

మూడో పిలుపు అతని చెవి పక్కనే వినబడింది.

"సైదులూ. నేను మనిషినే బిడ్డా."