లేని సందు

పాతనగరం పటం పూర్తిచేసి, సాయంత్రమే ఫొటో తీసి అక్కకు పంపాను. సంతోషంతో కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఎవరైనా నకలు కొడితే పట్టుకోవడానికి, పటాలు గీసేవాళ్లం ఊళ్లో లేని సందు ఒకటి కలుపుతాం. నేను కలిపింది మా ఇంటి వెనకగోడ దగ్గర ముగుస్తుంది.

రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నీ పటం చూసుకుంటూ వస్తున్నా. మీ వెనక సందు భలే అడ్డదారిరా!"

ఒళ్లు పులకరించింది. నేను గీసిన సందులో మనిషి నడుస్తోంది!

ఇంతలో వెనకగోడను ఎవరో తట్టారు.

"వచ్చేశా. ఇక్కడ తలుపు లేదేంట్రా?"

"ఒక్క నిమిషం అక్కా!" అని పటం మీదకు వంగి, ఆ గోడకు తలుపు గీయసాగాను. కుంచె చప్పుడు చెయ్యదు. నేనేం చేస్తున్నానో చెప్పనూ లేదు.

గోడ అవతల నుంచి అక్క మెల్లగా అంది: "గడియ మాత్రం నా వైపు పెట్టు."