రేవతి సిస్టర్ చేతులు

నరం దొరక్క నర్సుకు నరకం మొదలైంది. కొత్త నర్సు స్వర్ణ తడబడగానే, రేవతి సిస్టర్ ఎప్పట్లాగే సెలైన్ సూది లాక్కుంది. ఇరవై మంచాలు చూసుకోవడమే గాక, నేర్పడమూ ఆమె నెత్తినే.

"చేరి నెలయింది. ఇంకెప్పుడు నేర్చుకుంటావు?"

"మీరు ఒక్కసారన్నా పూర్తిగా చెయ్యనిచ్చినారా అక్కా? సోమవారం నుంచి రాత్రి డ్యూటీలో వార్డుకు నేనొక్కదాన్నే. అప్పుడెవరు లాక్కుంటారు?"

రేవతి చేతిలోని సూదిని ట్రేలో పడేసింది.

మంచం మీదున్న వాకాడు జాలరి మునెయ్య రెండో చెయ్యి చాచాడు. "వల లాగిన చెయ్యిమ్మా, తోలు మందం. నిదానంగా వెతుక్కో. నేనేడికీ పోను."

రేవతి కొత్త సూది తెచ్చి స్వర్ణకిచ్చింది. స్వర్ణ మళ్లీ తడబడింది. రేవతి చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. రెంటినీ వీపు వెనక కట్టేసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.